మూడు దారుల ఆట వెంట హిందూపురానికి

హిందూపురం మాకు దూరదేశమేమీ కాదు. గార్లదిన్నెలో పొద్దున జీపు ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడ ఉంటాం. చింతపండు బేరానికి పోయాను, పెళ్లిళ్లకు పోయాను, ఎన్నికలప్పుడు పోయి గొంతు పోగొట్టుకొని వచ్చాను. అలాంటి ఊరికి పోయి వచ్చి యాత్ర రాయడమేమిటని మా మండలంలో ఇప్పటికే నవ్వుతున్నారు. నవ్వనీ. ఈసారి మూడు రోజుల ప్రయాణంలో నేను ఇంకొక దేశం కూడా చూసి వచ్చాను. దానికి బస్సు లేదు, టికెట్టు లేదు. అది కంప్యూటర్లో ఉంటుంది. మీలో చాలామంది పోయి ఉండరు కాబట్టి చెబుతాను.

గార్లదిన్నె

ముందు నేనెందుకు బయల్దేరానో చెప్పాలి. మా తమ్ముడు శివ అనంతపురంలో కంప్యూటర్ల చదువు చదివాడు. చదువు అయిపోయినా ఇంటికి రాలేదు. అక్కడొక ఇంటర్నెట్ సెంటర్లో ఐదుగురు స్నేహితులు పక్కపక్కన కూర్చుని, ఎక్కడో ఉన్న ఇంకో ఐదుగురితో యుద్ధం ఆట ఆడుతుంటారు. ఆ జట్టుకు వాడే క్యాప్టెన్. క్యాప్టెన్ అన్న మాట ఒక్కటే నాకు అర్థమయింది. అందుకని ఊరంతా చెప్పుకొని తిరిగాను.

హిందూపురం పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పోటీ పెట్టారు. బెంగుళూరు కంపెనీ ఒకటి ఆ ఆటకు జీతమిచ్చి ఒక జట్టును పెట్టుకొంది. తమ జట్టును ఓడించినవాళ్లెవరైనా సరే, వాళ్లనూ జీతం మీద తీసుకుంటామని ప్రకటించారు. ఉండటానికి ఇల్లు, ఆడటానికి మంచి కంప్యూటర్లు, నెల తిరిగేసరికి జీతం. శివ ఈ సంగతి చెప్పినప్పుడు మా నాయన శెనక్కాయల మిల్లు వసారాలో కూర్చుని ఉన్నాడు.

"ఆటకు జీతమిచ్చే దొర యెవడప్పా?" అన్నాడు. వాడితో ఇంకేం మాట్లాడలేదు. నన్ను పిలిచాడు. "నువ్వు పో. కండ్లారా చూసి రా. అది మొగోడు చేసే పనైతే ఆడుకోనీ. ఊరికే తిరుగుడైతే అదే జీపులో వేసుకొని రా. సోమారం నుంచి మిల్లులో కూచుంటాడు."

అంటే శివ బెంగుళూరు పోవడమో, మిల్లులో కూర్చోవడమో నా ఒక్క మాట మీద ఉంది. వాడు నా చెయ్యి పట్టుకొని "అన్నా, పూర్తిగా చూసినంక చెప్పు, సగం చూసి చెప్పద్దు" అన్నాడు. చిన్నప్పటి నుంచీ నా సంగతి వాడికి తెలుసు. నేను సగం చూసే తీర్పు చెప్పే రకం. అయినా పూర్తిగా చూస్తానని మాటిచ్చాను.

అనంతపురం

అనంతపురంలో దిగగానే నేనూ శివా ఉగ్గాని, బజ్జీ తిన్నాం. మా జిల్లా బయటివాళ్లు బొరుగులు నానబెట్టి తిరగమాత వేస్తే అదొక టిఫినా అని అడుగుతారు. వాళ్లకు మిరపకాయ బజ్జీని ఉగ్గానిలో నలిపి తినడం తెలియదు, అందుకే అడుగుతారు. పది రూపాయలకు కడుపు నిండింది. ఆ హోటలు ఎదురుగానే మేడ మీద వాళ్ల ఇంటర్నెట్ సెంటరు.

లోపల చీకటి, ఉక్క, ఒక ఫ్యాను. జట్టులో ముగ్గురు అక్కడే ఉన్నారు. మస్తాన్, నాగరాజు, రాఘవ. మస్తాన్ మాటకారి, పాతూరులో వాళ్లకు చెప్పుల కొట్టు ఉంది. నాగరాజు, రాఘవ అన్నదమ్ముల పిల్లలు, ఇద్దరికీ నోట్లో నాలుక లేదు. ఐదోవాడు ఓబులేసు ముదిగుబ్బలో ఇంటి దగ్గర ఉన్నాడనీ, దారిలో ఎక్కించుకోవాలనీ చెప్పారు. అతని స్థానంలో ఎవరినో కూర్చోబెట్టి నాకు ఒక ఆట ఆడి చూపించారు.

నేను శివ వెనక నిలబడ్డాను. వాడి బొమ్మ ఒక ముసలి మంత్రగాడు. కొంచెం దూరం పోతాడు, ఎవరో మీద పడతారు, చచ్చిపోతాడు. మళ్లీ లేస్తాడు, పోతాడు, చస్తాడు. ఆట చివర ఒక పట్టిక పడింది. ఎవరు ఎంతమందిని చంపారు, ఎన్నిసార్లు చచ్చారు అని. మస్తాన్ చంపినవాళ్లు బోలెడు. నోరు లేని నాగరాజు కూడా నలుగుర్ని చంపాడు. మా శివ పేరు అట్టడుగున ఉంది. చంపింది సున్నా. చచ్చింది మాత్రం అందరికంటే ఎక్కువ.

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంటి పేరు చెబితే చుట్టుపక్కల ఊళ్లలో లేచి నిలబడతారు. మా నాయన జీపులో మధ్యలో కూర్చుంటే చుట్టూ మనుషులు కూర్చునేవాళ్లు. దెబ్బ ఏదైనా ముందు వాళ్లకు తగలాలి, ఆయనకు కాదు. అది మా పద్ధతి. అలాంటి ఇంటి పిల్లవాడు, పైగా క్యాప్టెన్, కుక్కచావులు చస్తుంటే వెనక నిలబడి చూశాను.

"జీపు ఎక్కు. ఇంటికి పోదాం" అన్నాను.

"అన్నా, సగమే చూసినావు" అన్నాడు శివ. కిందికి తీసుకొచ్చి, జీపు బానెట్టు మీద పేరుకున్న మన్నులో వేలితో గీతలు గీసి ఆ దేశాన్ని నాకు చూపించాడు. మా జిల్లాలో జీపు కడగకపోతే ఇదొక సౌకర్యం, పలక వెతుక్కోనక్కర్లేదు.

ఆ దేశం నలుచదరంగా ఉంటుంది. కింది మూల మన కోట, ఎదురు మూల వాళ్ల కోట. రెండింటినీ కలుపుతూ మూడు దారులు. ఒకటి పై అంచు వెంట, ఒకటి కింది అంచు వెంట, ఒకటి నడిమధ్య. దారుల మధ్య అడవి. అడ్డంగా ఒక ఏరు. ఆ ఏట్లో ఏడాది పొడుగునా నీళ్లుంటాయట. మా పెన్నకు లేని భాగ్యం కంప్యూటర్లో ఏటికి ఉంది. ప్రతి దారిలోనూ కాపలా బురుజులు ఉంటాయి. రెండు కోటల్లోంచీ చిన్న సిపాయిలు వరస కట్టి, ఎవరూ తోలకుండానే దారి పట్టి వచ్చి కొట్టుకుంటుంటారు. సిపాయికి ఆఖరి దెబ్బ కొట్టినవాడికి బంగారం దొరుకుతుంది. బంగారంతో ఆయుధాలు కొనుక్కోవాలి. బురుజులు ఒక్కొక్కటే కూల్చుకుంటూ పోయి ఎదుటివాళ్ల కోట పగలగొట్టినవాళ్లు గెలిచినట్టు. ఎంతమందిని చంపామన్నది లెక్కలోకే రాదు.

"ఐదుమంది ఒకే మాదిరి ఆడరన్నా" అన్నాడు శివ. "ఒకడు పెరిగేవాడు. వాన్ని క్యారీ అంటాం. మొదట్లో శానా బలహీనంగా ఉంటాడు. బంగారం అంతా వానికే ఇడ్సిపెట్టల్ల. బాగా పెరిగినంక కోట పగలగొట్టేది వాడే. ఇంకొకడు సపోర్టు. వానికి బంగారం ఉండదు. ఉన్న రవ్వంతా పెట్టి కాపలా దీపాలు కొని చీకట్లో నాటతాడు. శత్రువు యాడుండాడో మనోళ్లకు కనపడాలని. క్యారీ మీద ఎవడన్నా పడితే ఈడు అడ్డం పోయి సస్తాడు."

"సచ్చేవాడు నువ్వా?"

"నేనే."

"పెరిగేవాడు యెవరు?"

"ఓబులేసు. ముదిగుబ్బ గొర్రెలాయప్ప కొడుకు."

అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ పూర్తిగా చూస్తానని మాటిచ్చాను కదా. ఈ సంగతి నాయనకు ఏ నోటితో చెప్పాలా అని ఆలోచిస్తూనే జీపు తీశాను.

బత్తలపల్లి దాటాక

బత్తలపల్లి దాటాక పోలీసులు బండ్లు ఆపుతున్నారు. మా వైపు జీపులు ఆపడం కొత్త కాదు. తెల్ల జీపు, మీసాలవాడు స్టీరింగు దగ్గర, వెనక నలుగురు కుర్రాళ్లు, వాళ్ల ఒళ్లో రెండు సంచులు. నేనే పోలీసునైతే నేనూ ఆపేవాణ్ణి.

కానిస్టేబులు సంచి విప్పాడు. నిండా వైర్లు. కీబోర్డులు, మౌసులు టవళ్లలో చుట్టి పెట్టారు, ఎవరి మౌసు వాళ్లకు ఉంటేనే చెయ్యి ఆడుతుందట. ఆయన ముఖం మారిపోయింది.

"యాడికి పోతాండారు?"

"హిందూపురం సార్, ఆటకు" అన్నాను.

"ఏం ఆట?"

ఎప్పుడూ నోరు తెరవని నాగరాజు అప్పుడు తెరిచాడు. "ఐదుమంది కలిసి ఐదుమందిని కొట్టేది సార్. దారిలో బురుజులు కూలగొట్టి, ఆఖరికి కోట పగలగొడతాం."

అందర్నీ దింపేశారు. సీట్లు ఎత్తి చూశారు. పిండి పట్టిన టిఫిను క్యారియరు కూడా వాసన చూశారు. చివరికి మస్తాన్ రోడ్డు పక్క బండ మీద కీబోర్డు పెట్టి, మౌసు పట్టుకొని, కంప్యూటరు లేకుండానే ఆట ఎలా ఆడతారో చేసి చూపించాడు. కనపడని సిపాయిలను కొట్టాడు, కనపడని శత్రువును చూసి పారిపోయాడు. పోలీసులు నవ్వు ఆపుకోలేకపోయారు. "మా బామ్మర్దీ ఇదే పిచ్చిలో ఉండాడప్పా, గెలిచి రాండి" అని కానిస్టేబులే సంచి ఎత్తి ఇచ్చాడు.

ముదిగుబ్బ

ఓబులేసు ఇల్లు ఊరి చివర. గొర్రెలకు బొచ్చు కత్తిరించే రోజులు. అందుకే అతను అనంతపురం హాస్టలు నుంచి ఇంటికి వచ్చాడు. మేం పోయేసరికి ఒక గొర్రెను మోకాళ్ల మధ్య పట్టుకొని కత్తెర ఆడిస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మమ్మల్ని చూసి గొర్రెను వదిలేశాడు. సగం బొచ్చుతో అది పారిపోయింది. దాన్ని పట్టుకోవడానికి మా జట్టంతా చేని గట్ల మీద పరిగెత్తింది. కంప్యూటర్లో కోటలు పగలగొట్టేవాళ్లకు ఒక గొర్రె చిక్కలేదు. ఓబులేసు తండ్రి నాలుక మడిచి ఒక కూత కూశాడు. గొర్రె తనంతట తానే వచ్చి నిలబడింది.

మాకు కొత్త కంబళి పరిచారు. జొన్నరొట్టె, శెనక్కాయల చట్నీ, గట్టి పెరుగు పెట్టారు. మా ఇంట్లో రొట్టె పలుచగా కాలుస్తారు, ఇక్కడ మందంగా కాల్చి పైన వెన్న రాశారు. నేను మూడు తిన్నాను. ఓబులేసు తల్లి నాలుగోది వేస్తూ "ఇంగొకటి తినప్పా, మా యింటికి మళ్లా యెప్పుడొస్తావో" అంది. డబ్బు సంగతి ఎత్తితే కొడుతుందేమో అన్నట్టు ఉంది ఆమె చూపు, అందుకని ఎత్తలేదు.

బయల్దేరేటప్పుడు ఓబులేసు తండ్రి కొడుకును పక్కకు పిలిచాడు. పక్కకు పిలిచినా ఆయన గొంతు గొర్రెల కాపరి గొంతు, ఊరవతలికి వినపడుతుంది.

"రేయ్, ఊరు గాని ఊరు పోతాండారు. చిన్నరెడ్డికి ఏం గాకుండా సూసుకో. ఆయప్ప యింటి ఉప్పు తిన్నోళ్లం."

"అట్లే నాయనా" అన్నాడు ఓబులేసు.

చిన్నరెడ్డి అంటే మా శివ. ఆ మాట నాకు బాగా నచ్చింది. అనంతపురంలో చల్లారిన మనసు కొంచెం వేడెక్కింది. ఇదీ పద్ధతి, పెద్దలకు తెలుసు, ఈ పిల్లలకే తెలియదు అనుకున్నాను. ఎంత తప్పుగా అనుకున్నానో మూడో రోజుకు గానీ తెలియలేదు.

లేపాక్షి

కదిరిలో మల్లెపూల వాసనను దాటి, గోరంట్ల మీదుగా పోయి, రాత్రికి హిందూపురంలో పడుకొని, మరుసటి రోజు పొద్దున్నే లేపాక్షికి పోయాం. పోటీ మూడో రోజు. రెండో రోజు ఆటకు చెయ్యి తాకకూడదని శివ నియమం. "చేతులకు విశ్రాంతి కావల్లన్నా, కండ్లకు కూడా" అన్నాడు. కుస్తీ పట్టేవాళ్లకు ఇలాంటి నియమాలుంటాయని విన్నాను. కూర్చుని ఆడే ఆటకు కూడా ఉన్నాయని అప్పుడు తెలిసింది.

నంది దగ్గర నోరు వెళ్లబెట్టి నిలబడ్డాం. ఒక్క రాతిలో చెక్కారు దాన్ని. ఎన్నిసార్లు చూసినా నాకు ఒకటే అనిపిస్తుంది. వానలు లేని ఈ నేలలో రాయి తప్ప ఏముంది అని అనేవాళ్లను తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలి. ఉన్న రాయితోనే ఇంత పని చేసిన జిల్లా మాది.

గుడిలో వేలాడే స్తంభం కింద జనం గుడ్డ దూర్చి ఇటు నుంచి అటు లాగుతున్నారు. అలా చేస్తే మంచి జరుగుతుందని నమ్మకం. మస్తాన్ జేబులోంచి తన మౌసు తీసి దాని తీగను దూర్చాడు. గుడ్డ పట్టుకొని వంతు కోసం చూస్తున్న ముసలావిడ ఒకామె గద్దించింది.

"తీగ యాడన్నా దూరతాదప్పా, దాంట్లో ఏముండాది గొప్ప? గుడ్డ దూర్చు."

మస్తాన్ జేబురుమాలు తీశాడు. ఆమెకు తృప్తి కలగలేదు. తన కొంగు చివర ఇచ్చి రెండోసారి చేయించింది. ఎందుకని అడిగితే ఆట, పోటీ, బెంగుళూరు అన్నీ చెప్పాడు. ఆమె అంతా విని "అయితే ఐదుమందీ చెయ్యల్ల, నీ ఒక్కనికే వస్తే ఏం లాభం?" అని అందరి చేతా లాగించింది. నన్ను కూడా లాగమంది. నేను ఆడను అన్నాను. "ఎంట వచ్చినావు గదా, నువ్వూ జట్టే" అంది. చేసేదేమీ లేక నేనూ లాగాను.

హిందూపురం

ఇక్కడ మాట సగం కన్నడం. అంగట్లో ధర అడిగితే తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తారు. తిండీ అంతే. మా దగ్గర సంగటిలో బియ్యం కలుపుతాం, ఇక్కడ ఒట్టి రాగిపిండితో నున్నటి ముద్ద చేస్తారు. నమలకుండా మింగాలట. నేను అలవాటు కొద్దీ నమిలాను. హోటలాయన నా వైపు జాలిగా చూశాడు. చిల్లర లేదని పెద్ద నోటు ఇస్తే "దుడ్లు యాడికి పోతాయప్పా, సాయంత్రం ఇయ్యి" అని వెనక్కి ఇచ్చేశాడు. నా ముఖం చూసిన మొదటి రోజే అప్పు పెట్టాడు ఆ మనిషి. మా ఊర్లో అలా పెట్టరు.

మూడో రోజు పొద్దున ఆ ముద్దతో, ఆయన కబుర్లతో నాకు ఆలస్యమైంది. కాలేజీకి పోయేసరికి మా పిల్లలు రెండు కాలేజీ జట్లను అప్పటికే ఓడించేశారు. మధ్యాహ్నం బెంగుళూరు జట్టుతో. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్లది పోటీ.

పెద్ద హాలు. గోడ మీద తెర వేసి ఆటను జనానికి చూపిస్తున్నారు. కరెంటు పోతే నడిపించడానికి బయట జనరేటరు పెట్టారు, అది ట్రాక్టరులా మోగుతోంది. బెంగుళూరువాళ్లు ఐదుగురూ నల్ల చొక్కాలు తొడుక్కున్నారు, వీపు మీద పేర్లు అచ్చువేసి ఉన్నాయి. మా వాళ్లవి లుంగీలు కాకపోవడమే గొప్ప. వాళ్ల వెంట ఒక మేనేజరు అమ్మాయి ఉంది. వచ్చీరాని తెలుగులో మర్యాదగా మాట్లాడింది. పొద్దున వ్యాయామం, తర్వాత సాధన, మధ్యాహ్నం ఎదుటి జట్ల పాత ఆటలు చూసి తప్పులు పట్టుకోవడం, మళ్లీ సాధన. ఆటగాడి దినచర్య అంతా చెప్పింది. మా మిల్లులో హమాలీలకు కూడా ఇంత పని ఉండదు.

"మీ క్యాప్టెన్ ఎవరమ్మా?" అని అడిగాను.

చివరన కూర్చున్న బక్కపలచని అబ్బాయిని చూపించింది. "సపోర్టు ఆడతాడు. అందరికంటే ఎక్కువ చస్తాడు. ఆట మొత్తం చూసేవాడు అతనే, అందుకే క్యాప్టెన్ చేసినాం."

నేను ఒక కుర్చీ వెతుక్కోబోయి మానేశాను. నేరుగా పోయి మా వాళ్ల వెనక, ఓబులేసుకూ శివకూ మధ్య నిలబడ్డాను. పూర్తిగా చూడాలి కదా.

మొదటి ఆట మొదలయింది. శివ మంత్రగాడు చీకట్లో దీపాలు నాటడానికి పోయాడు. నల్ల చొక్కాలవాళ్లు ముగ్గురు పట్టుకున్నారు. "నన్ను ఇడ్సిపెట్టండి, కింది బురుజు కొట్టండి" అని అరిచాడు శివ. మస్తాన్ వాళ్లు బురుజు వైపు తిరిగారు. ఓబులేసు తిరగలేదు. "వస్తాండా చిన్నరెడ్డీ" అని ఏరు దాటి పరిగెత్తాడు. శివ ఎలాగూ చచ్చాడు, వెంట ఓబులేసూ చచ్చాడు. ఇంకాసేపటికి మళ్లీ అంతే. మళ్లీ అంతే. పెరగాల్సినవాడు పెరగలేదు. మా కోట కూలిపోయింది. జనం చప్పట్లు నల్ల చొక్కాలకు.

విరామంలో శివ తలపాగాలా చుట్టుకున్న టవలు తీసి విసిరేశాడు. "నన్ను సావనీ అని ఎన్ని తూర్లు చెప్పల్లరా నీకు? సెంటర్లో ఒక్క తూరన్నా ఇట్ల చేసినావా? పొద్దున చేసినావా?"

ఓబులేసు తల వంచుకున్నాడు. ఒక్కసారి మాత్రం కన్నెత్తి నా వైపు చూశాడు.

మస్తాన్ నన్ను పక్కకు తీసుకుపోయాడు. "ఏమనుకోవద్దన్నా. నువ్వు బయటికి పోతే మంచిది."

"నేనేం చేసినారా? నోరు మూసుకొని నిలబడినా కదా!"

"నువ్వు నిలబడేదే తప్పన్నా. పెద్దరెడ్డి కొడుకు యెనక చూస్తాండగా, చిన్నరెడ్డిని సావనిచ్చి వాడెట్ల పోతాడు? వాళ్ల నాయన ఏం చెప్పి పంపినాడో నువ్వూ ఇన్నావు గదా."

ముదిగుబ్బలో ఏ మాట నాకు నచ్చిందో ఆ మాటే ఇక్కడ నా తమ్ముణ్ణి ఓడిస్తోంది. ఇంకొక్క ఆట ఓడితే వాడు సోమవారం మిల్లులో కూర్చుంటాడు. ఓడించింది నల్ల చొక్కాలు కాదు, మేమే, మా ఇంటి పద్ధతి.

బయటికి పోవాలని రెండడుగులు వేసి ఆగాను. నేను పోతే సరిపోదు. ఓబులేసు మనసులో నేను నిలబడే ఉంటాను. అతని దగ్గరికి పోయి పక్కన కూర్చున్నాను. అతను లేవబోతే భుజం పట్టుకొని కూర్చోబెట్టాను.

"ఓబులేసూ, శివకు అన్నను నేను. నాయన తర్వాత ఆ ఇంటికి పెద్ద నేను. నేను చెప్తాండా ఇను. వాడు సస్తే సావనీ. తిరిగి చూడొద్దు. నువ్వు బతకల్ల."

"అది కాదన్నా, మా నాయన..."

"మీ నాయనకు నేను జవాబు చెప్తా. ముదిగుబ్బకు పోయి, నేనే సావనియ్యమన్నా అని చెప్తా. సరేనా?"

వెనక ఊడుస్తున్న కాలేజీ ఆయమ్మ చీపురు ఆపి నన్ను చూసింది. సొంత తమ్ముణ్ణి చావనియ్యమని బతిమాలుతున్న మనిషిని ఆమె అంతకు ముందు చూసి ఉండదు.

రెండో ఆటలో నేను బయటికి పోలేదు, అక్కడే నిలబడ్డాను. శివ ఏటి ఒడ్డున చిక్కాడు. ఓబులేసు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నేను గట్టిగా "పో" అన్నాను. పోయాడు. కింది దారి పట్టి సిపాయిల వెంట నడిచి బురుజు కూల్చాడు. శివ పడిపోయాడు, నవ్వుతున్నాడు. ఆ తర్వాత ఓబులేసును ఆపినవాడు లేడు. రెండో ఆట మాది.

మూడో ఆట నేను బతికినన్నాళ్లు మరిచిపోను. ఇద్దరి బురుజులూ దాదాపు అన్నీ కూలాయి. నల్ల చొక్కాలు ఐదుగురూ కలిసి అడవిలోంచి ఓబులేసు మీదికి వస్తున్నారు. శివ నాటిన దీపం వెలుగులో వాళ్లు ముందే కనిపించారు. శివ ఒక్కడే ఎదురు పోయాడు. ఇరుకు సందులో అడ్డం నిలబడి తన దగ్గరున్న మంత్రాలన్నీ వేశాడు. అటువైపు క్యాప్టెన్ మోసం కనిపెట్టి వెనక్కి తిరగమని అరుస్తున్నాడు, కానీ వాళ్లు తిరగలేకపోయారు. ఆ కాసేపట్లో మిగిలిన నలుగురూ నడిమి దారిలో పోయి కోట తలుపు మీద పడ్డారు. శివ మంత్రగాడు నేల మీద పడి ఉన్నాడు. వాడి తెర బూడిద రంగులోకి మారిపోయింది. అదే క్షణంలో గోడ మీద తెరలో వాళ్ల కోట పేలిపోయింది.

హాలు హాలంతా లేచింది. నేను కేకలు పెట్టానట, నాకు గుర్తు లేదు. నల్ల చొక్కాల క్యాప్టెన్ వచ్చి అందరికంటే ముందు శివ చెయ్యి పట్టుకున్నాడు. కోట పగలగొట్టిన ఓబులేసును వదిలి, నేల మీద పడి ఉన్నవాడి దగ్గరికి వచ్చాడు. ఆట తెలిసినవాడు. నా ఛాతీ ఎంత పొంగిందో ఏం చెప్పను! మా మండలంలో ఎన్నికలు గెలిచిన రోజు కూడా అంత పొంగలేదు.

సాయంత్రం, కాలేజీ వరండాలో

జనరేటరు ఆపాక నాయనకు ఫోను చేశాను. వార్త అప్పటికే చేరింది.

"గెలిచినారంట కదా. మనోడు ఎంతమందిని కొట్టినాడు?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాక కాదు. అవసరం లేకపోయింది.

"ఒక్కర్నీ కొట్టలేదు నాయనా. పది తూర్ల పైన సచ్చినాడు. ఓబులేసు బతకల్లని అడ్డం పోయి సచ్చినాడు. అందుకే గెలిచినారు."

"ఏ ఓబులేసు?"

"ముదిగుబ్బ గొర్రెలాయప్ప కొడుకు."

తిట్టబోతున్నాడనుకొని, ఆట అంతా వివరించి చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. శివ తరఫున వాదించడానికి మొదటిసారి సిద్ధమయ్యాను.

"సంజీవు నీకు గుర్తుండాడా?" అన్నాడు నాయన.

సంజీవు నా చిన్నప్పుడు నాయన జీపు నడిపేవాడు. నాయన మీదికి వచ్చిన వేటు తన మీద వేసుకొని చనిపోయాడు. ఆయన పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, నాయన అసలే ఎత్తడు.

"గుర్తుండాడు నాయనా."

"ఆ పొద్దు నన్ను యెనక్కి తోసి తాను ముందర నిలబడినాడు. నేను పరిగెత్తినా. తిరిగి చూడలేదు. మన యింటి కోసం అందరూ అడ్డం పడినారు గానీ, మన యింటోడు యింకొకనికి అడ్డం పడినాడని ఇయ్యాలే ఇంటాండా." ఆ వెంటనే తీర్పు చెప్పేశాడు. "మిల్లు సంగతి నేను చూసుకుంటా. వాన్ని పంపీ."

"శివకు ఇస్తా, మాట్లాడు నాయనా."

"వానితో యింటికి వచ్చినంక మాట్లాడతా. ముందు ఆ పిల్లోనికి ఇయ్యి, ఓబులేసుకు."

ఓబులేసు లోపల కుర్చీలో కూర్చుని వైర్లు చుడుతున్నాడు. ఫోను చేతికిచ్చి, పెద్దరెడ్డి అని చెప్పగానే దిగ్గున లేచి నిలబడ్డాడు. ఫోను చెవికి పెట్టుకొని, ఎదురుగా మా నాయనే ఉన్నట్టు తల వంచాడు. కాసేపు విన్నాడు. తర్వాత ఏం చేయాలో తోచక నా వైపు చూశాడు.

"కూచోని మాట్లాడమంటాండాడన్నా" అన్నాడు.

నేనే కుర్చీ లాగి వేశాను.